ఎడమకాలి చెప్పు

మొదటి పురుగుని నేనే నరికాను.
నల్ల ఫోమ్ ముక్కని గాలం మీద పరిచి
దారం బిగించి లాగితే
వెన్నలా రెండైంది.
రెండోదానికి భయపడి వదులుగా చుట్టాను.
అది గాలం చుట్టూ గిర్రున తిరిగి
పొట్ట ఆకాశానికి పెట్టింది.

"బిగిస్తే తెగుద్ది, వదిలితే తిరుగుద్ది"
అంది వెర్నా ఆకర్బీ,
పొయ్యిలోకి యూకలిప్టస్ చీలిక తోస్తూ.
"గొర్రెపిల్లని పట్టుకున్నట్టు పట్టుకో."
నేనెప్పుడూ గొర్రెపిల్లని పట్టుకోలేదు.
టాస్మానియా కొండల మీద
కంకర రోడ్ల గుంటలు పూడ్చేవాణ్ణి.
నా చేతికి తెలిసిన పట్టు పార పిడిదే.

ఆమె చూపించింది.
ముందు ఒట్టి గాలానికి దారంతో ఓ చొక్కా,
నున్నటి ఇనుము మీద ఏదీ నిలవదు.
దాని మీద జిగురు, ఆవగింజంత.
ఆపైన ఫోమ్.
దారం పురి విప్పి చదును చెయ్యాలి,
పురి ఉన్నంతసేపూ అది కత్తే.
మొదటి రెండు చుట్లు పలకరింపు,
మూడోదే పట్టు.
నా జిగురు ఆవగింజ దాటింది.
బొటనవేలూ చూపుడువేలూ అతుక్కుని
అరగంటసేపు, అన్నిటికీ
'భేష్' అంటున్నవాడిలా కూర్చున్నాను.

పొట్ట కింద నెమలి ఈక పోగు.
వెలుగులో పచ్చ, తిప్పితే రాగి,
ఒక్క చేప పంటికే ఊడిపోయేది.
దారంతో కలిపి మెలెయ్యమంది.
మెలేశాక అందం కొంచెం తగ్గింది,
రెండో చేపకి కూడా మిగిలింది.
కాళ్ళకి, ఆమె ముప్పై ఏళ్ళు
ఉత్తరాల కట్టలకి వేసిన రబ్బరు బ్యాండ్లు.
పెళుసెక్కి ఓ జత విరిగిపోతే
"నాలుగు చాలు, చేప లెక్కపెట్టదు" అంది.

అసలు చిక్కు వేరే.
హోబార్ట్ కొట్లో కొన్న ఫోమ్ నీళ్ళు తాగేది.
రాత్రి ఎనామిల్ గిన్నెలో వేసిన ఏడు పురుగుల్లో
తెల్లారేసరికి ఆరు అడుగున.
ఏడోది మొహమాటానికి తేలుతోంది.
టీవీ పెట్టెలోని తెల్లముక్క కోస్తే పొడైంది.
యోగా చాప మందమెక్కువై
గాలం నోరు మూసేసింది,
చేప కరిచినా గుచ్చుకోదు.

మూడు రోజుల గాలి తర్వాత
సరస్సు ఒడ్డుకి కొట్టుకొచ్చింది
ఎడమకాలి హవాయి చెప్పు.
నల్లది. పట్టీ లేదు. అంచుల్లో నాచు.
ఎన్ని చలికాలాలు నీళ్ళ మీద పడుకుందో.
వెర్నా దాన్ని ముక్కుదాకా తెచ్చి చూసి
"దీనికి గిన్నె పరీక్ష అక్కర్లేదు" అంది.
రొట్టె కోసే కత్తితో పొరలు తీసింది.
మడమ వైపు పక్కన పడేసింది,
ఎవరి బరువో అక్కడి గాలినంతా పిండేసింది.
పాదం వంపులో,
ఏ కాలూ పూర్తిగా తొక్కని చోట
నలభై పురుగులు దొరికాయి.

జనవరిలో ఓ మధ్యాహ్నం
గాలి ఉత్తరానికి తిరిగింది.
గమ్ చెట్ల మీంచి బంగారు పురుగులు
సరస్సు మీద చిటపట రాలాయి.
మనవి నల్లవి కదా అన్నాను.
"చేప కిందనుంచి చూస్తుంది.
ఆకాశానికి అడ్డొచ్చిందేదైనా నలుపే."

ఆమె కళ్ళలో శుక్లాలు.
నల్లనీళ్ళ మీద నల్లపురుగు ఆమెకి ఎప్పుడూ లేనట్టే.
"ఎక్కడుంది? ఎక్కడుంది?" అని
నిరుడంతా నన్నడిగింది.
అందుకే ముందురాత్రి
నా రోడ్డుపని కోటు అంచునుంచి
నారింజ పీచు చిటికెడు కత్తిరించి
ఒకదాని వీపున కట్టాను.
ఆమె నేర్పని కట్టు అదొక్కటే.

ఇవాళ అడగలేదు.
"ఉంది... ఉంది..." అని తనకి తనే చెప్పుకుంటూ
మోకాలి లోతున నిలబడింది.

తర్వాత ఆ మాట ఆగింది.
ఎవరిదో ఎడమకాలు
నీళ్ళ కిందికి ఒక అడుగేసింది.